పందొమ్మిది ఒకట్ల బండ

ఇంకో చాయ్ చెప్పండి. నేను ఇప్పుడప్పుడే ఇంటికి పోయేది లేదు. అత్తగారింట్లో మా ఆవిడ అనసూయ ట్రంకుపెట్టె సర్దుకొని, చాప చుట్టి, కొత్త చీపురు కూడా దాని పక్కనే ఆనించి పెట్టుకుంది. "విప్పెయ్, మనం ఎక్కడికీ పోవడం లేదు" అని ఆమెకు చెప్పాలి. ఆ ధైర్యం కోసమే ఈ వికారాబాద్ స్టేషన్ బయట కూర్చొని చాయ్ మీద చాయ్ తాగుతున్నాను. ఇంతకీ నేనేం లంచం తినలేదు, ఎవరితోనూ కొట్లాడలేదు. ఒక బండ మీద గీతల లెక్క తప్పింది, అంతే! అంతమాత్రానికే నా కొలువు గాల్లో వేలాడుతోంది.

మీకు తెలుసు కదా, తాండూరు బడిలో నేను లెక్కల సార్‌ను. టెంపరరీ సార్‌ను. శనివారం సాయంత్రం ప్యాసింజర్‌లో ఇక్కడికి రావడం, సోమవారం పొద్దున మళ్ళీ తాండూరు బండెక్కడం. బిడ్డ పుట్టి ఏడాది దాటింది. నేను ఎత్తుకుంటే ఎవడో ఎత్తుకుపోతున్నట్టు కెవ్వుమంటుంది. ఆదివారం సాయంత్రానికి కొంచెం అలవాటుపడి వేలు పట్టుకుంటుంది. అంతలో నేను వెళ్ళిపోతాను. మళ్ళీ శనివారం మొదటి నుంచి ఏడుపు. పర్మనెంటు అయితే వికారాబాద్ బడిలో ఖాళీ ఉంది, ఇక్కడికే వేయించుకోవచ్చు. దానికి కావలసింది బడుల ఇన్స్పెక్టర్ గారి సంతకం ఒక్కటే.

ఈ మధ్య మా బడికి కొత్త గది కట్టారు. రాళ్ళు, కప్పు మీద బండలు అన్నీ శివప్ప సేటు ఇచ్చాడు. గంజ్ బజారులో కందుల వ్యాపారం, ఊరి బయట బండలు కోసి నునుపు చేసే కార్ఖానా. చాలా మంచి మనిషి. నా కొంప ముంచింది ఆ మంచితనమే. తలుపు మీద వాళ్ళ నాయన బసప్ప పేరుతో ఒక బండ పెట్టాలనుకున్నారు. పేరు కింద ఏదైనా మంచి మాట చెక్కించమని సేటు మా బడికే వదిలేశాడు. తెలుగు పంతులుగారు అప్పటికే ఒక పద్యం కట్టి జేబులో పెట్టుకొని తిరుగుతున్నారు. ఇంతలో మా పెద్దసారు, గది తెరవడానికి ఇన్స్పెక్టర్ గారే వస్తున్నారని, ఆయన లెక్కల్లో ఎం.ఏ. అని చెప్పారు. అది విన్నాక నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. పద్యం ఎందుకండీ, ఒక సంఖ్య చెక్కిద్దాం అని పట్టుబట్టాను.

ఏ సంఖ్యంటారా? నేను హైదరాబాద్‌లో చదివేటప్పుడు, ఇంకా ఉర్దూలోనే పాఠాలు చెప్పే రోజుల్లో, మా లెక్చరర్ ఒకాయన మురిసిపోతూ చెప్పిన సంఖ్య. వరుసగా ఒకట్లు రాసుకుంటూ పోండి. రెండు ఒకట్లు పక్కపక్కన పెడితే పదకొండు. అది దేనితోనూ పోదు, ప్రధాన సంఖ్య. మూడు ఒకట్లు రాస్తే మూడో ఎక్కంతో పోతుంది. నాలుగు రాస్తే పదకొండుతో పోతుంది. ఇట్లా ఒక్కో ఒకటి పెంచుకుంటూ పోతే ప్రతిదీ ఏదో ఒకదానితో పోతూనే ఉంటుంది. పందొమ్మిది ఒకట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోతుంది. కోట్ల కోట్లు దాటిన సంఖ్య, అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకటే, దాన్ని ఒకటితోనూ అదే సంఖ్యతోనూ తప్ప దేనితో భాగించినా శేషం మిగలాల్సిందే! ఆ తర్వాత మళ్ళీ ఇరవై మూడు ఒకట్లు రాస్తే అట్లాంటిది వస్తుంది. ఆపైన ఇంకొకటి ఎక్కడుందో, అసలు ఉందో లేదో, ఈ ప్రపంచంలో ఎవరికీ తెలియదట. ఆ మాట చెప్పి మా లెక్చరర్ కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు మేం నవ్వుకున్నాం. ఇప్పుడు ఆయన బాధ నాకు తెలుస్తోంది.

పందొమ్మిది ఒకట్లు చెక్కాలనగానే అందరికంటే సంతోషించింది రాతిపని ఎల్లప్ప. అన్నీ నిలువు గీతలే, వంకర లేదు, ఒత్తు లేదు. సేటు మాత్రం జర ఆలోచనలో పడ్డాడు. దీని గొప్పేమిటని అడిగాడు. ఎవరితోనూ భాగం పోదు సేటూ అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"ఎవ్వరికి పంచరాని లెక్క మా నాయన పేరు కింద ఎందుకు సార్? మా నాయన ఇంటికొచ్చినోళ్లను ఎన్నడు ఉత్త చేతుల పంపలే."

అట్లా కాదు, దీన్ని ఎవరూ విరగ్గొట్టలేరు, మీ తాండూరు బండ లాంటి గట్టి సంఖ్య అని సర్దిచెప్పాను. ఆ మాట నచ్చింది. ఒప్పుకున్నాడు. పంతులుగారు పద్యాన్ని మడిచి మళ్ళీ జేబులో పెట్టుకొని నావైపు ఒక చూపు చూశారు. ఆ చూపు ఊరికే పోలేదు లెండి.

సోమవారం ఓపెనింగ్. ముందటి శనివారం బడి వదలగానే, బండెక్కే ముందు ఒకసారి చూసిపోదామని కార్ఖానాకు పోయాను. బండ చెట్టుకింద పడుకోబెట్టి ఉంది. నీలం రంగు, అద్దంలా మెరుస్తోంది. పైన బసప్ప పేరు, కింద ఒకట్ల వరుస, కంచె వేసినట్టు! మురిసిపోతూ వేలు పెట్టి లెక్కపెట్టాను. ఇరవై. ఎక్కడో వేలు జారిందనుకొని అటు చివర నుంచి మొదలుపెట్టాను. ఎటు నుంచి చదివినా ఒకటే అని నేనే చెప్పాను కదా, ఎటు నుంచి లెక్కపెట్టినా ఇరవయ్యే!

ఎల్లప్పను పిలిచి అడిగితే, నాకేం తెల్వదు, సేటునే అడగమన్నాడు. సేటు అక్కడే ఉన్నాడు. ఎల్లప్ప చెక్కుతుంటే పక్కన కూర్చొని, కందులు కొలిచినట్టు "లాభం, రెండు, మూడు" అంటూ తానే లెక్కపెట్టాడట. గంజ్‌లో మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు కదా. అట్లా పందొమ్మిదీ కొలిచి, ఆఖరున అలవాటు ప్రకారం పైన ఇంకొకటి వేయించాడు.

"మీరు పందొమ్మిది అడిగిండ్రు సార్. పందొమ్మిది ఇచ్చి చేతులు దులుపుకుంటె ఏం బాగుంటది? మా నాయన పేరు మీద ఇస్తున్నం. ఒకటి కొసరు ఉండాలె గద."

కొసరు! కందులు కొంటే కొలత మీద ఒక దోసెడు వేస్తారే, ఆ కొసరు. ప్రధాన సంఖ్యకు కొసరు వేసిన మనిషి లోకంలో ఇంకెవరైనా ఉన్నారా చెప్పండి. ఇరవై ఒకట్లంటే ఇక చూడనక్కరలేదు. ఒకటి విడిచి ఒకటి కూడితే ఇటు పది, అటు పది. తేడా సున్నా. పదకొండుతో శుభ్రంగా పోతుంది. ఆ సూత్రం మా ఎనిమిదో తరగతి మొత్తానికీ నోటికి వచ్చు. నేనే పాటలాగా కట్టి, బెత్తంతో బల్ల మీద తాళం వేసి మరీ నేర్పాను. నా బండను పడగొట్టడానికి నేనే ఒక సైన్యాన్ని తయారు చేసుకున్నానన్నమాట.

ఒక గీత పూడ్చెయ్యొచ్చా అని అడిగాను. సేటు నొచ్చుకున్నాడు. మా నాయన పేరు కింద అతుకు వేయిస్తరా సార్ అన్నాడు. కొత్త బండ చెక్కడానికి వ్యవధి లేదు. పోనీ ఉన్న సంగతి చెప్పేద్దామని, సేటూ మీ కొసరు వల్లనే లెక్క చెడింది అని మొదలుపెట్టాను. ఆయన ముఖం చూసి మిగతాది మింగేశాను. గదికి రాళ్ళూ బండలూ అన్నీ ధర్మంగా ఇచ్చిన మనిషి, వచ్చే ఏడు రెండో గది కూడా ఇస్తానన్న మనిషి. ఆయనను ఎట్లా తప్పుపట్టాలి?

అప్పుడు మా లెక్చరర్ మాట తళుక్కున మెరిసింది. ఇరవై మూడు! చెరపడం కుదరకపోతేనేం, పెంచడం కుదురుతుంది కదా. బండ మీద చోటుంది. ఇరవైకి మూడు కలిపితే మళ్ళీ దేనితోనూ పోని సంఖ్య అవుతుంది. మూడు గీతలు వేయించమని చెప్పబోయి, నాలుక మీదనే ఆపుకున్నాను. ఎందుకంటారా? తెలివి! మూడు అడిగితే ఈయన ఒకటి కొసరు వేసి నాలుగు చేస్తాడు. అందుకని రెండు అడగాలి. రెండూ, కొసరు ఒకటీ, మొత్తం మూడు. సేటూ, ఇంకో రెండు గీతలు వేయిస్తే చూడ్డానికి నిండుగా ఉంటుంది అన్నాను. అదెంత పని సార్ అన్నాడు. నేను నవ్వుకుంటూ స్టేషన్‌కు పరిగెత్తాను. దారి పొడుగునా నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ బండి కింద పడినా బాగుండేదనిపిస్తోంది.

ఆదివారం నా వైభవం చూడాలి. సోమవారంతో మన కష్టాలు తీరినట్టే, సామాను సర్దుకో అని అనసూయకు చెప్పాను. ఆమె అంతకు ముందే స్టేషన్ వెనక ఒక గది చూసి పెట్టుకుంది. వెంటనే ట్రంకుపెట్టె దించింది. మామగారు కూడా నాతో మొదటిసారి నవ్వుతూ మాట్లాడారు. బిడ్డ నా వేలు పట్టుకొని వాకిట్లో ఇటు నుంచి అటు నడిచింది. వచ్చే వారం నుంచి రోజూ ఇంటికొస్తాను తల్లీ అని దానికి కూడా మాట ఇచ్చేశాను. దానికి అర్థం కాలేదు గనక బతికిపోయాను.

సోమవారం బండి ఆలస్యం. తాండూరు స్టేషన్ నుంచి బడి దాకా పంచె ఎత్తిపట్టుకొని ఉరికాను. అప్పటికే ఇన్స్పెక్టర్ గారు వచ్చేశారు. బండ తలుపు మీదికి ఎక్కింది, దాని మీద ఎర్రగుడ్డ కప్పి ఉంది. లెక్కపెట్టుకునే వీలు లేదు. పూలదండతో నిలబడ్డ సేటు పక్కకు పోయి, అయిందా అని సైగ చేశాను.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. మీరు చెప్పినట్లె ఏపిచ్చిన."

నా మనసు కుదుటపడింది. ఆ మాటను జర ఇంకోసారి వినుంటే, నాకు అక్కడే భయం పుట్టేది.

గుడ్డ తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దసారు నన్ను మాట్లాడమన్నారు. ఇక నేను రెచ్చిపోయాను. ఇది ఇరవై మూడు అంకెల సంఖ్య అన్నాను. ఎటు నుంచి చదివినా ఒకటే అన్నాను. బేసి సంఖ్య, ప్రధాన సంఖ్య, ఇట్లాంటివి మన లోకంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా తెలియవన్నాను. అంతటితో ఆగానా? ఆగలేదు. దీన్ని భాగించేవాళ్ళు ఈ తాండూరులోనే లేరు, ఎవరైనా భాగించి చూపిస్తే నేను లెక్కలు చెప్పడం మానేస్తానని, ఇన్స్పెక్టర్ గారి వైపు చూస్తూ, గొంతెత్తి చెప్పాను!

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకొని బండ కేసి చూస్తూ నిలబడ్డారు. పెదాలు కదులుతున్నాయి. సంఖ్య అందానికి మైమరచిపోయారనుకున్నాను. లెక్కపెడుతున్నారు. తర్వాత పిల్లల వైపు తిరిగి, పదకొండు సూత్రం ఎవరికి వచ్చని అడిగారు. ఎనిమిదో తరగతి మొత్తం చేతులెత్తింది. బెత్తం లేకపోయినా అందరూ తాళం వేసుకుంటూ, ఒకటి విడిచి ఒకటి కూడుకుంటూ, ఒకే గొంతుతో పాట అందుకున్నారు. వద్దర్రా అని నేను కళ్ళతో బతిమాలుకుంటున్నాను. వాళ్ళు నన్ను చూడ్డం లేదు, బండను చూస్తున్నారు. ఇటు పదకొండు, అటు పదకొండు, తేడా సున్నా.

"పోతది సార్" అన్నారు అందరూ కలిసి.

అంతటితో అయిపోయినా బాగుండేది. ముందు వరుసలో సువార్త అనే పిల్ల ఉంది, పెద్దేముల్ నుంచి వస్తుంది, నేను రోజూ మెచ్చుకునే పిల్ల. అది లేచి నిలబడింది.

"పదకొండుతోని కొట్టినంక వచ్చే భాగఫలం గూడ మళ్ల పదకొండుతోనే పోతది సార్."

కరెక్టే! ఇరవై రెండు ఒకట్లంటే ఒకసారి కాదు, రెండుసార్లు పోతుంది. నేను అప్పుడు తలెత్తి బండ మీది గీతలు లెక్కపెట్టాను. ఇరవై రెండు. రెండు అడిగితే రెండే వేశాడు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి కొసరు వెయ్యలేదు. చప్పట్లు కొట్టింది ఒక్క సేటే. మా నాయన లెక్క పదకొండు మందికి పంచినా ఇంకా మిగులుతదట అని పక్కవాళ్ళకు చెప్పుకొని మురిసిపోతున్నాడు. ఆయనను పక్కకు లాగి, కొసరేది సేటూ అని ఏడుపు గొంతుతో అడిగాను.

"రెండుకు కొసరు కలిపితె మూడైతది గద సార్. శుభమాని గది తెరుస్తుంటె మూడు ఎవరన్న ఇస్తరా? అందుకె మీరు అడిగినంతనె ఏపిచ్చిన."

నిజమే కదా. మూడు పెట్టరు, ముగ్గురు కలిసి బయలుదేరరు. అన్నంలో మూడో ముద్ద దగ్గర ఆగరు. మా అమ్మ కూడా అంతే, మూడు అప్పాలు పెట్టాల్సి వస్తే ఒక ముక్క తుంచి నాలుగోదాని పేరున పక్కన పెట్టేది. ఈ గడ్డ మీద పుట్టి పెరిగినవాడిని, లెక్చరర్ చెప్పిన ఇరవై మూడు గుర్తుంది గానీ అమ్మ పెట్టిన అప్పాలు గుర్తురాలేదు.

ఇన్స్పెక్టర్ గారు మంచివారే. పిల్లలను మెచ్చుకున్నారు. ఇంత బాగా భాగహారం నేర్పిందెవరని అడిగారు. అందరూ నన్ను చూపించారు. ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"పిల్లలకు మస్తు జెప్పినవ్. నీకే లెక్కపెట్టుడు రాకపాయె. ఈ బండ మీద నువ్వు చెప్పిన మాట నిజమైననాడు కబురు జెయ్యి. దసరా ముందర మళ్ల వస్త. గప్పుడు సంతకం పెడుత."

తెలుగు పంతులుగారు నా భుజం తట్టి, పద్యమైతే గణం తప్పుతుంది గానీ కొలువు తప్పదు నాయనా అన్నారు. జేబులోంచి ఆ కాగితం కొస కనబడుతోంది. దాన్ని కావాలనే బయట పెట్టుకున్నారని నా అనుమానం.

ఇంత జరిగినా నాలో చిన్న ఆశ మిగిలింది. ఇరవై రెండు ఉన్నాయి. ఇంకొక్కటి పడితే ఇరవై మూడు. ఒకే ఒక్క గీత! ఎల్లప్పకు అరగంట పని కూడా కాదు. పోయి అడిగితే, సేటు చెప్పకుండా ఆ పేరు కింద ఉలి పెట్టనన్నాడు. సరేనని సాయంత్రం గంజ్‌కు పోయాను. కందుల రాశుల మధ్య కూర్చున్న సేటును, ఒక్క గీత వేయించమని అడిగాను. సంతోషంగా ఒప్పుకున్నాడు. కొసరు మాత్రం వద్దు సేటూ, నీకు దండం పెడతాను అన్నాను. ఆయన చేతిలో కందులు ఆగిపోయాయి.

"ఒక్క గీత, దానికి కొసరు గూడ లేకుంటనా? శివప్ప ఇట్ల ఇచ్చిండని ఆ బండ ఉన్నన్ని దినాలు జనం చూడాల్నా సార్? ఏస్తె రెండు ఏపిస్త. లేకుంటె ముట్టనే ముట్ట."

కోపంతో కాదు, బాధతో అన్నాడు. ఆయన కళ్ళు చూస్తే నాకే జాలేసింది.

మంగళవారం నుంచి ఇవాళ్టి దాకా ఇదే ఆలోచన. ఒకటి అడిగితే రెండు వేస్తాడు. రెండు అడిగితే మూడు కాకూడదని రెండే వేస్తాడు. మూడు అడిగితే ఎట్లాగూ నాలుగు. ఏం అడిగినా ఇరవై మూడు దాటిపోతుంది. దాటిందంటే ఇక నా గతి అంతే, ఆపైన ఇంకొకటి ఎక్కడుందో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఎప్పుడో ఎవరో కనిపెట్టినా అన్ని ఒకట్లు పట్టే బండ తాండూరు గనుల్లో దొరకదు. నాకు కావలసింది కొసరు ఒక్కటే. సరుకు కొనకుండా కొసరు ఒక్కటే పెట్టమని ఎవరినైనా ఎట్లా అడగాలి? మీలో వ్యాపారం చేసేవాళ్ళున్నారు, మీరైనా చెప్పండి.

నవ్వండి, నవ్వండి. మీ ఇళ్ళల్లో ట్రంకుపెట్టెలు సర్ది లేవు. ఇప్పుడు ఇంటికి పోవాలి. బిడ్డ నన్ను చూసి కెవ్వుమంటుంది, అనసూయ పెట్టె వైపు చూస్తుంది, మామగారు మళ్ళీ మాట్లాడ్డం మానేస్తారు. ఏమైందని అడిగితే వాళ్ళకు ఏం చెప్పను? నేను లెక్కల సార్‌ను. ఇరవై మూడులోంచి ఇరవై రెండు తీసేస్తే ఎంతని రోజూ పిల్లల చెవులు మెలిపెట్టి అడిగేవాడిని. ఆ వచ్చే ఒక్కటి ఇప్పుడు నాకే దొరకడం లేదు.